మలక్కా: గాలి కోసం ఆగినవాళ్ల ఊరు

మలక్కా జలసంధి అనే మాట బళ్లో భూగోళం చదివినవాళ్లందరికీ గుర్తుంటుంది. ఆ జలసంధికి పేరిచ్చిన ఊరు ఇంకా నిక్షేపంగా ఉందనీ, కౌలాలంపూర్‌లో బస్సెక్కితే రెండు గంటల్లో అక్కడ దిగొచ్చనీ మాత్రం చాలామందికి తట్టదు. మనవాళ్లు మలేసియా వెళితే జంట టవర్లు, బతు గుహల సుబ్రహ్మణ్యస్వామి, గెంటింగ్ కొండ చూసుకుని నేరుగా సింగపూర్ బస్సెక్కేస్తారు. మలక్కా ఆ దారిపక్కనే ఉంటుంది. 2008 జులై 7న యునెస్కో దీన్ని, పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌ను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నన్నడిగితే ఇది గుంపుతో వెళ్లి చూసే ఊరు కాదు. ఒక్కరే వెళ్లి, బోర్డు మీద రాసింది ఒకటికి రెండుసార్లు చదివి, నిజమేనా అని గోడకేసి చూసే తీరిక ఉన్నవాళ్లకే ఇది పట్టుబడుతుంది. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

నెలల తరబడి అతిథులు

తెరచాపల రోజుల్లో పడమటి ఓడల్ని నైరుతి గాలి ఇటు తోసుకొచ్చేది. చైనా ఓడలు ఈశాన్య గాలితో దిగేవి. వచ్చిన గాలితోనే తిరిగి వెళ్లడం కుదరదు, అది ఎదురు తిరిగేదాకా ఆగాల్సిందే. ఆ రెండు గాలుల దారులూ కలిసే ఇరుకు సముద్రం ఒడ్డున ఉండటమే మలక్కా అదృష్టం. గుజరాతీ వర్తకుడు, కోరమాండల్ చెట్టి, బెంగాలీ, బర్మాలోని పెగూవాడు, జావావాడు, చైనావాడు ఇల్లూవాకిలీ వదిలి ఒంటరిగా వచ్చి నెలల తరబడి ఇక్కడే మకాం పెట్టేవాళ్లు. కొందరు ఇక్కడే పెళ్లాడి ఉండిపోయారు. ఈ ఊరి చరిత్రలో సగం ఆ పెళ్లిళ్ల చరిత్రే.

ఇంతమందికి ఒక్క రేవు అధికారి చాలడని ఊరినేలిన సుల్తానులు నలుగురిని పెట్టారు. గుజరాతీలకు ఒకడు. కోరమాండల్, బెంగాల్, పెగూ, పాసై వాళ్లకు ఒకడు. జావా, మలుకు దీవుల వైపు వాళ్లకు ఒకడు. చైనా, చంపా, ర్యూక్యూ వాళ్లకు ఒకడు. వాళ్లను షాబందర్ అనేవారు. ఓడ దిగినవాడికి గిడ్డంగి చూపించడం, తూకంలో మోసం జరక్కుండా చూడటం, తగువు వస్తే తీర్చడం వాళ్ల పని. ఇదే పేరుతో ఇదే కొలువు గోల్కొండ సుల్తానుల కాలపు మచిలీపట్నంలోనూ ఉండేది.

సముద్రానికి వేరే చట్టం కూడా రాసుకున్నారు. ఓడ నీళ్ల మీద ఉన్నంతసేపూ దాని నాయకుడే రాజుతో సమానం అన్నది అందులో ముఖ్యమైన సూత్రం.

పోర్చుగీసు మందుల వర్తకుడు తోమె పిరెస్ 1512 తర్వాత కొన్నేళ్లు ఇక్కడ ఉన్నాడు. ఈ రేవులో 84 భాషలు మాట్లాడతారని రాసి పెట్టాడు. లెక్క ఎలా వేశాడో ఆయనకే తెలియాలి గానీ, చరిత్రకారులు ఈనాటికీ ఆ అంకెనే చెబుతారు.

ఉసిరి చెట్టు కింద

1400 ప్రాంతం. సుమత్రాలోని పాలెంబాంగ్ నుంచి వచ్చి, సింగపూర్‌లోనూ నిలదొక్కుకోలేక ఉత్తరానికి సాగిన పరమేశ్వరుడనే రాజకుమారుడు ఈ నది ఒడ్డున ఒక చెట్టు కింద కూర్చున్నాడట. అతని వేటకుక్కను ఒక చిన్న మూషిక జింక కాలితో తన్ని నీళ్లలో పడేసింది. ఇంత చిన్న ప్రాణికి ఇంత తెగువ ఇచ్చిన నేల మంచి నేలే అనుకుని, అక్కడే ఊరు కట్టి, తాను ఆనుకుని కూర్చున్న చెట్టు పేరే దానికి పెట్టాడని కథ. ఆ చెట్టు మరేదో కాదు, మనం కార్తికంలో వనభోజనాలకు వెతుక్కునే ఉసిరి. మలక్కా రాష్ట్ర చిహ్నంలో ఇప్పటికీ ఉసిరి చెట్టు, దానికి అటూ ఇటూ రెండు మూషిక జింకలు ఉంటాయి.

మూషిక జింకకు మన దగ్గరా చుట్టాలున్నారు. హైదరాబాద్ జూలో వాటి సంతతిని పెంచి నల్లమలలోని అమ్రాబాద్ అడవుల్లో వదిలారు. కుక్కను తన్నే సంగతి మాత్రం నల్లమలలో ఎవరూ చెప్పగా వినలేదు.

బోర్డుల్ని నమ్మకండి

మలక్కాలో ఎక్కువమంది ఫొటో దిగే కట్టడం కొండ కింద మిగిలిన ఒక రాతి వాకిలి. 1511లో ఊరిని పట్టుకున్న పోర్చుగీసులు కట్టిన ‘ఆ ఫమోసా’ అనే కోటలో కూలకుండా మిగిలింది అదొక్కటే. తలెత్తి చూడండి. పైన చెక్కి ఉన్న సంవత్సరం 1670. పోర్చుగీసులు ఊరు వదిలి అప్పటికి 29 ఏళ్లయింది. ఆ చెక్కడం డచ్చి కంపెనీది. 1641 జనవరిలో కోటను గెలుచుకున్నవాళ్లు దాన్ని బాగుచేసుకుని తమ గుర్తు వేసుకున్నారు.

మిగతా కోటను కూల్చిందెవరు? ఆంగ్లేయులు. ఐరోపా యుద్ధాల మధ్య మలక్కా వాళ్ల చేతికి తాత్కాలికంగా వచ్చింది. రేపు డచ్చివాళ్లకు తిరిగి ఇవ్వాల్సి వస్తే అంత గట్టి కోట ఎందుకు ఇవ్వాలి, పైగా తమ పెనాంగ్‌కు పోటీ ఎందుకు ఉండాలి అని 1807లో మందుగుండు పెట్టి పేల్చేశారు. ఆ పేలుళ్ల సంగతిని ఈ ఊళ్లోనే పుట్టిన మున్షీ అబ్దుల్లా తన ఆత్మకథలో వర్ణించాడు. ఈ ఒక్క వాకిలిని కాపాడిన పుణ్యం ఆంగ్లేయ అధికారి స్టాంఫర్డ్ రాఫెల్స్‌దని చెబుతారు. అదే రాఫెల్స్ 1819లో సింగపూర్‌లో రేవు పెట్టాడు. మలక్కా నది పూడుకుపోతున్న రోజులవి. పెద్ద ఓడలన్నీ సింగపూర్ దారి పట్టాయి. గుమ్మం దక్కించినవాడే ఊరి గిరాకీ పట్టుకుపోయాడన్నమాట.

ఇంకో విచిత్రం డచ్చి చౌక్. టౌన్‌హాల్ కింద వాడిన స్టాట్‌హైస్ 1650 నాటిది, పక్కన క్రైస్ట్ చర్చి 1753లో పూర్తయింది. రెండూ ఎర్రగా మెరిసిపోతుంటాయి. డచ్చివాళ్లకు ఎరుపంటే ఎంత ఇష్టమో అని అందరూ అనుకుంటారు. నిజానికి వాళ్ల కాలంలో ఇవి తెల్లగా ఉండేవి. ఎరుపు పులిమింది 1911లో ఆంగ్లేయులు. చర్చి లోపలికి వెళ్లి కప్పు దూలాలు చూడండి. ఒక్కొక్కటీ 48 అడుగులు. అతుకు లేకుండా ఒక్కో చెట్టు మాను నుంచి కోసిన దూలాలవి.

కొండ వెనక డచ్చి శ్మశానం అని బోర్డు ఉంటుంది. లోపల డచ్చివాళ్ల సమాధులు 5, ఆంగ్లేయులవి 33.

సుల్తాను రాజభవనం అంటారే, ఆ చెక్క భవనం వయసు నాకంటే తక్కువే. అసలు భవనం పదిహేనో శతాబ్దంలోనే పిడుగు పడి కాలిపోయిందని పాత మలయ్ గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథంలోని వర్ణన పట్టుకుని 1984 నుంచి 1986 దాకా కట్టిన నమూనా ఇది. నమూనాయే అయినా చూడదగ్గదే, వడ్రంగం బాగుంటుంది.

2006లో 110 మీటర్ల తిరుగుడు గోపురం కట్టాలని నది దగ్గర పునాది తవ్వితే పాత కోట బురుజు ఒకటి బయటపడింది. గోపురాన్ని వేరే చోటికి తరలించి, బురుజును తిరిగి కట్టారు. తవ్వకాల్లో రాయి దొరికితే ఎవరికీ చెప్పకుండా పూడ్చేయడం తెలిసిన మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద మోసం మాత్రం సముద్రానిది. ఒకప్పుడు కోట గోడల దాకా అలలు వచ్చేవి. ఇప్పుడు ఆ వాకిలి ముందు నిలబడితే ఎదురుగా షాపింగ్ మాల్ కనబడుతుంది. సముద్రాన్ని పూడ్చి చేసిన నేల మీద కట్టడాలవి. అలలు చూడాలంటే మలక్కా దీవి అనే పూడిక నేల చివరిదాకా వెళ్లాలి. అక్కడ 2006లో ప్రారంభమైన జలసంధి మసీదు స్తంభాల మీద నిలబడి ఉంటుంది. పోటు వేళ నీళ్ల మీద తేలుతున్నట్టే కనిపిస్తుంది. ఒక్కరే వెళ్లి సాయంత్రం గడపడానికి ఊళ్లో ఇంతకంటే మంచి చోటు లేదు.

కళింగుల పేరు మీద మసీదు

పాత ఊళ్లో ఒక చిన్న వీధిలో వినాయకుడి గుడి, మసీదు, చైనా గుడి కూతవేటు దూరంలో ఉంటాయి. మసీదు పేరు కంపుంగ్ క్లింగ్ మసీదు. 1748లో చెక్కతో కట్టి, 1872లో ఇటుకతో తిరగకట్టారు. గుమ్మటం లేదు. మూడంతస్తుల వాలు కప్పు జావా పద్ధతిది, మినారు చైనా పగోడాలా ఉంటుంది, స్తంభాలు యూరప్ తరహావి, లోపల వేలాడే దీపాల గుత్తి విక్టోరియా కాలపుది.

కళింగ దేశం పేరు నుంచే క్లింగ్ అన్న మాట వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. మొదట్లో ఆ పేరు మన తీరంవాళ్లందరికీ వర్తించేది. తమిళుడా తెలుగువాడా అన్న తేడా మలయ్‌వాళ్లు చూసేవాళ్లు కాదు. ఒక జాగ్రత్త చెప్పాలి. మసీదు బోర్డు మీద ఉంది కదా అని ఈ మాటను మనుషుల గురించి వాడకండి. ఇప్పటి మలేసియాలో అది భారతీయ సంతతివాళ్లను కించపరిచే మాట.

ఈ వీధికి మనవాళ్లను రప్పించింది బట్ట. మలుకు దీవులవాళ్లు లవంగాలకూ, బండా వాళ్లు జాజికాయకూ బదులు కోరింది కోరమాండల్ రంగు బట్టలు. విజయనగర రాజ్యపు పెద్ద రేవు పులికాట్ నుంచి ఆ బట్టలు ఓడలకెత్తి మలక్కాకు తెచ్చేవాళ్లు. తర్వాత ఇదే కిటుకు కనిపెట్టిన డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో దుకాణం తెరిచారు. సుగంధ ద్రవ్యాల వ్యాపారం కథ ఎవరు రాసినా తెల్ల ఓడలు, ఫిరంగులే రాస్తారు. దానికి పెట్టుబడి మన నేతగాళ్ల, అద్దకంవాళ్ల చేతుల్లోంచి వచ్చిందని రాసేవాళ్లు తక్కువ.

చితి ఎక్కిన చెట్టి

పోర్చుగీసు చరిత్రకారులు నీనా చాటు అని రాసుకున్న వర్తకుడి కథ ఈ ఊళ్లో ఏ సినిమాకూ తీసిపోదు. కోరమాండల్ నుంచి వచ్చి స్థిరపడ్డ హిందూ వ్యాపారి. పేరులోని చాటు మన చెట్టే.

1509లో మొదటి పోర్చుగీసు ఓడలు వచ్చినప్పుడు సుల్తాను మనుషులు వాళ్ల మీద పడి కొందరిని బందీలుగా పట్టుకున్నారు. ఆ బందీలకు తిండీ డబ్బూ అందించి ఆదుకున్నది ఈ చెట్టే. జైలు నుంచి బయటికి ఉత్తరాలు చేరవేయడంలోనూ అతని చెయ్యి ఉందంటారు. 1511 ఆగస్టులో పోర్చుగీసు సేనాని ఆల్బుకెర్క్ ఊరిని జయించాక ఆ మేలు మరిచిపోలేదు. చెట్టిని ముస్లిమేతర ప్రజలందరికీ అధిపతిని చేసి బెందహారా పదవి ఇచ్చాడు. సుల్తానుల కాలంలో అది మంత్రి స్థాయి పదవి. మన దగ్గర శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కి రెండేళ్లయిన కాలమది.

మూడేళ్లు తిరిగేసరికి రాజకీయం మారింది. 1514లో పోర్చుగీసులు అతన్ని తీసేసి వేరే రాజుకు ఆ పదవి ఇవ్వాలని నిశ్చయించారు. చెట్టి వాదించలేదు, బతిమాలుకోలేదు. వేదిక కట్టించి, చందనపు కట్టెలు పేర్పించి, పట్టుబట్టలు కట్టుకుని, జనమంతా చూస్తుండగా తాను చేసిన సేవ, దానికి దక్కిన ప్రతిఫలం చెప్పి మంటల్లోకి నడిచాడని పోర్చుగీసులే రాశారు. తమకు సిగ్గుచేటైన కథను వాళ్లే రాసిపెట్టడం విశేషం. అతని పేరు మీద ఊళ్లో విగ్రహం ఉండాలనిపిస్తుంది. పర్యాటకులకిచ్చే పటాల్లో నాకైతే ఎక్కడా ఆ పేరు కనిపించలేదు.

భూమిని మొదట చుట్టివచ్చిందెవరు?

మెజెల్లన్ అని బళ్లో చెబుతారు. అతను 1521లో ఫిలిప్పీన్స్‌లోనే చనిపోయాడు గనక పూర్తిగా చుట్టిరాలేదు. మిగిలిన ఓడను స్పెయిన్‌కు చేర్చింది ఎల్కానో. అయితే మలక్కావాళ్లు మూడో పేరు చెబుతారు.

మెజెల్లన్ 1509లో వచ్చిన ఓడల్లోనూ ఉన్నాడు, 1511 ముట్టడిలోనూ ఉన్నాడు. ఆ గెలుపు తర్వాత ఒక కుర్రవాడిని బానిసగా తీసుకుని ఎన్రికె అని పేరు పెట్టాడు. తన వీలునామాలో అతన్ని మలక్కా వాసి అని రాసి, తాను పోయాక స్వేచ్ఛ ఇవ్వాలన్నాడు. ఎన్రికె యజమానితో పడమటికి, పోర్చుగల్‌కు వెళ్లాడు. అక్కణ్ణుంచి స్పెయిన్, అట్లాంటిక్, పసిఫిక్ దాటి ఇంకా పడమటికే సాగి 1521లో ఫిలిప్పీన్స్ చేరాడు. అక్కడ ఒడ్డునున్న మనుషులను మలయ్ భాషలో పలకరిస్తే వాళ్లకు అర్థమైంది! తన మాట తెలిసిన మనుషుల దగ్గరికి భూమి అటువైపు నుంచి తిరిగివచ్చిన మొదటి మనిషి అతనే కావచ్చు. మెజెల్లన్ చనిపోయాక వీలునామాలో మాట నిలబెట్టకపోవడంతో ఎన్రికె వాళ్లను వదిలి వెళ్లిపోయాడు. అక్కడితో రాతపూర్వక ఆధారాలు ఆగిపోతాయి. మలయ్ రచయిత హరూన్ అమీనుర్రషీద్ 1958లో అతని మీద నవల రాసి పంగ్లిమా అవాంగ్ అని పేరు పెట్టాడు. మలేసియాలో ఇప్పుడు చాలామందికి అతను ఆ పేరుతోనే తెలుసు.

దొరకని నిధి

ఆల్బుకెర్క్ కొల్లగొట్టిన సొత్తు ఎక్కించుకుని వెళ్లిన ఫ్లోర్ ద మార్ అనే ఓడ 1511 నవంబరులో సుమత్రా దగ్గర తుపానుకు మునిగింది. ఆల్బుకెర్క్ బతికాడు, సొత్తు మాత్రం ఈనాటికీ దొరకలేదు. నది ఒడ్డున కనిపించే పెద్ద చెక్క ఓడ దాని నమూనా. లోపల సముద్రయాన మ్యూజియం ఉంది.

కుడి చెయ్యి లేని విగ్రహం

కొండ మీద కప్పు లేని చర్చి ఉంది. 1521లో ఒక పోర్చుగీసు నావికుడు కట్టించిన చిన్న ప్రార్థనాలయం అది. క్రైస్తవ ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ ఇక్కడ మకాం పెట్టేవాడు. 1552 చివర్లో చైనా తీరంలో ఆయన చనిపోతే, మరుసటేడు శరీరాన్ని తెచ్చి గోవాకు పంపేముందు కొన్ని నెలలు ఈ చర్చిలోనే పాతిపెట్టారు. ఖాళీ గుంత ఇప్పటికీ జాలీ కింద కనబడుతుంది. 1614లో రోము కోరిక మీద ఆయన కుడి ముంజేతిని గోవాలోని శరీరం నుంచి వేరు చేసి తీసుకెళ్లారు. ఇక్కడ ఆయన పాలరాతి విగ్రహాన్ని 1952లో పెట్టారు. పెట్టిన మర్నాడే పక్కనున్న సరుగుడు చెట్టు కూలి విగ్రహం కుడి చెయ్యి విరిగింది. దాన్ని అతికించలేదు. నమ్మేవాళ్లు మహిమ అంటారు, నమ్మనివాళ్లు సరుగుడు వేళ్లు లోతుకు దిగవంటారు. పొద్దున్నే ఎనిమిది లోపు వెళితే ఏ వాదనైనా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

గడియారం మీద కోపం

చౌక్‌లో 1886లో ఒక చైనా కుటుంబం కట్టించి ఇచ్చిన గడియార స్తంభం ఉంది. 1982లో ఇంగ్లండు గడియారం తీసేసి జపాను సీకో గడియారం పెట్టారు. యుద్ధకాలంలో జపానువాళ్ల చేతిలో నలిగిన పెద్దవాళ్లు మండిపడ్డారు. గడియారం మాత్రం అదే ఉండిపోయింది.

భోగినాడు ఆకు వేసే మలయ్ హిందువులు

గాలి కోసం ఆగి ఇక్కడి ఆడపిల్లల్ని పెళ్లాడినవాళ్ల సంతానం మూడు పాయలుగా కనిపిస్తుంది. చైనావాళ్ల సంతతి బాబా న్యోన్యాలు. పోర్చుగీసుల సంతతి క్రిస్తాంగులు. కోరమాండల్ వర్తకుల సంతతి చెట్టిలు.

గజా బెరాంగ్ అనే పేటలో కొన్ని చెట్టి కుటుంబాలు ఉంటాయి. మొత్తం కొన్ని వందలమందే మిగిలారు. ఇంట్లో మాట మలయ్. తమిళం ఎప్పుడో జారిపోయింది. పాత తరం ఆడవాళ్ల కట్టు సరోంగ్, కెబాయా. వంటలో కొబ్బరిపాలు, రొయ్యల ముద్ద. మతం మాత్రం నిఖార్సయిన శైవం. సంక్రాంతి ముందురోజు భోగినాడు పోయిన పెద్దలకు అరిటాకులో వాళ్లకిష్టమైనవన్నీ వడ్డించి పిలుస్తారు. మన పల్లెల్లో పెద్దలకు పెట్టుకోవడం చూసినవాళ్లకు ఆ తంతు వివరించి చెప్పనక్కర్లేదు. డచ్చివాళ్లు వీళ్ల నాయకుడికిచ్చిన స్థలంలో 1781లో కట్టిన పొయ్యాద వినాయకర్ గుడే పైన చెప్పిన వీధిలోని వినాయకుడి గుడి.

క్రిస్తాంగులది ఉజోంగ్ పాసిర్ అనే సముద్రతీరపు పేట. 1930ల్లో ఇద్దరు క్రైస్తవ గురువుల ప్రయత్నంతో ఏర్పడింది. ఐదువందల ఏళ్ల నాటి పోర్చుగీసు ఆనవాళ్లున్న మాటను ముసలివాళ్లు ఇంకా మాట్లాడతారు, పిల్లల్లో తగ్గిపోతోంది. జూన్ 29న జాలరులను కాపాడే పునీతుడు సెయింట్ పీటర్ పండగకు పడవలన్నీ అలంకరిస్తారు. క్రిస్మస్ మర్నాడు మిగిలిన మాంసమంతా మిరపకాయలు, ఆవాలు, వెనిగర్ వేసి వండే దెబాల్ కూర వీళ్లదే. కారం విషయంలో గుంటూరువాళ్లు కూడా వంక పెట్టలేరు.

రబ్బరు, మనవాళ్లు

అమెజాన్ అడవుల రబ్బరు గింజలు 1876లో ఇంగ్లండు మీదుగా ఇటువైపు వచ్చాయి. సింగపూర్ తోటల అధికారి రిడ్లీ కనబడ్డవాళ్ల జేబుల్లో గింజలు కుక్కి నాటమని బతిమాలేవాడు. పిచ్చి రిడ్లీ అని నవ్వేవాళ్లు. 1896లో అతని మాట విన్న తాన్ చే యాన్ అనే మలక్కా చైనా వ్యాపారి బుకిత్ లింటాంగ్‌లో వ్యాపారానికి రబ్బరు నాటాడు. మలయాలో మొదటి వాణిజ్య రబ్బరు తోట అది. తర్వాత తోటలు పెరిగాయి, కూలీల కోసం తమిళ తీరానికీ, విశాఖ, శ్రీకాకుళం వైపుకూ మనుషుల్ని పంపారు. పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో వైపు కొబ్బరి, రబ్బరు తోటల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డది ఆ వలసలోనే. నీనా చాటు కాలంలో మూటలతో వచ్చినవాళ్లకూ, ఈ కాలంలో కూలీ పత్రాల మీద వచ్చినవాళ్లకూ ఎంత తేడా! ఊరి మ్యూజియంలలో మొదటివాళ్ల గురించి కొంచెం ఉంది, రెండోవాళ్ల గురించి దాదాపు లేదు.

సమాధుల కొండ మీద పొద్దుటి పరుగు

బుకిత్ చీనా కొండ మీద 12 వేలకు పైగా చైనా సమాధులున్నాయి. చైనా బయట ఇంత పెద్ద పాత శ్మశానం ఇంకొకటి లేదంటారు. చైనా రాకుమారి హాంగ్ లీ పో సుల్తానుకు భార్యగా వచ్చి పరివారంతో ఈ కొండ మీదే ఉండేదని మలయ్ కథ. చైనా చరిత్రల్లో ఆమె ఊసు లేదు. కొండ కింద ఆమె పేరున బావి మాత్రం ఉంది. 1984లో ప్రభుత్వం కొండను చదును చేసి భవనాలు కడతామంటే ఊరంతా ఎదురు తిరిగింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇప్పుడు పొద్దున్నే జనం ఆ సమాధుల మధ్య పరుగులు తీస్తుంటారు.

ఒక్కరికి వడ్డన

ఒంటరి ప్రయాణికుడికి ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే న్యోన్యా భోజనశాలల్లో. నలుగురు పంచుకునే గిన్నెల లెక్కన వండుతారు. ఒక్కరే అయితే లక్సా తీసుకోండి. కొబ్బరిపాలు, రొయ్యల రసంలో వేసిన సేమియా లాంటి వంటకం, ఒక గిన్నె ఒకరికి సరిపోతుంది. పాత కాఫీ హోటళ్లలో బల్లలు పంచుకోవడం మామూలే, ఎదుటి కుర్చీలో ఎవరైనా వచ్చి కూర్చుంటే మొహమాటపడకండి. అన్నాన్ని ఉండలు చుట్టి కోడిమాంసంతో ఇచ్చే వంటకం మలక్కా ప్రత్యేకం. శాకాహారులకు తెమెంగోంగ్ వీధి వైపు అరిటాకు భోజనాలు దొరుకుతాయి.

చెండోల్ తప్పకుండా తినండి. తురిమిన మంచు, కొబ్బరిపాలు, ఆకుపచ్చ పిండి తీగలు, పైన గులా మలక్కా పాకం. కొబ్బరి పూగెల నుంచి గీసిన నీరాను కాచి వెదురు గొట్టాల్లో పోసి ఆరబెట్టిన బెల్లం అది. మన తాటిబెల్లానికి కొబ్బరి చెల్లెలనుకోండి. ఇంటికి తెచ్చుకోవాల్సింది అయస్కాంతపు బొమ్మలు కాదు, ఈ బెల్లం.

వెళ్లేవాళ్లకు

కౌలాలంపూర్‌లో టీబీఎస్ బస్టాండు నుంచి మలక్కా సెంట్రల్‌కు బస్సులుంటాయి. అక్కణ్ణుంచి 17వ నంబరు సిటీ బస్సు ఎర్ర చౌక్ దగ్గర దించుతుంది. ఊళ్లోకి రైలు లేదు. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఈ సడలింపును 2026 చివరిదాకా పొడిగించారు. టిక్కెట్టు కొనేముందు గడువు సరిచూసుకోండి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ప్లగ్గులకు మూడు చదరపు పుల్లలుంటాయి, అడాప్టర్ పెట్టుకోండి.

పికాచూ, హలో కిట్టీ బొమ్మలు తగిలించి, చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టుకు తిరిగే మూడు చక్రాల సైకిల్ రిక్షాలు ఇద్దరు కూర్చునేవి. ఒక్కరెక్కినా బండి కిరాయి అదే. పాత ఊరంతా కాలినడకన తిరగొచ్చు గనక అవసరం లేదు. పాత ధనవంతుల వీధి హీరెన్‌లో 8వ నంబరు ఇల్లు ఉచితంగా చూపిస్తారు. డచ్చి కాలపు మామూలు దుకాణం-ఇల్లు ఎలా ఉండేదో అలాగే ఉంచారు. అలంకరణలతో నింపిన మ్యూజియంలకంటే నాకు అదే నచ్చింది.

జోంకర్ వీధిలో శుక్ర, శని, ఆదివారాలు రాత్రి సంత జరుగుతుంది. ఆ రోజుల్లో సింగపూర్, కౌలాలంపూర్ జనమంతా అక్కడే ఉంటారు, గదుల అద్దెలూ పెరుగుతాయి. సంత చూడాలంటే ఆదివారం రాత్రి చాలు. సోమ, మంగళవారాల్లో కొన్ని దుకాణాలు మూసి ఉన్నా వీధులు మీవే. ఆదివారం మధ్యాహ్నం చేరి బుధవారం బయలుదేరేలా టిక్కెట్లు తీసుకోండి.